ఎనిమిది బారల లోతు

జనవరి 29

ఎర్నమ్మ పొద్దున్నే రెండు గుడ్లు తెచ్చి నా బల్ల మీద గిన్నెలో పగలగొట్టింది. ఒకటి డిసెంబరులో పెట్టినది, ఇన్నాళ్లూ మంచుపెట్టెలో దాచింది. రెండోది ఇవాళ పెట్టింది. పాతదాని సొన గుమ్మడిపండు రంగులో ఉంది. కొత్తదాని సొన నిమ్మపండు రంగులో ఉంది.

ఎర్నమ్మ తెప్పలపేటలో కోళ్లు పెంచుతుంది. రంగుపాకలో గోధుమ నాచు నుంచి రంగు తీసేశాక మిగిలిన పిప్పే ఆమె కోళ్లకు దాణా. పిప్పిలో ఎంతో కొంత రంగు ఉండిపోతుంది కాబట్టి మా ఊరి గుడ్ల సొన ఎప్పుడూ ముదురుగానే ఉంటుంది.

"పిప్పిలో పస లేదప్పా. పిప్పిలో లేదంటే రంగులోనూ లేనట్టే. రాసుకో," అంది.

ఇక్కడ నన్ను అందరూ అప్పా అంటారు, అంటే అక్క. నా వెనకాల రాతలప్ప అంటారు. విశాఖలో ఇరవై ఏళ్లు పత్రికకు వార్తలు రాశాను. సముద్రం మీద తేలే ఈ ఊరి గురించి ఒక కథనం రాయడానికి వచ్చి ఉండిపోయాను. తెప్పలన్నీ కలిపి కట్టిన ఊరు కాబట్టి తెప్పలపేట. దీని రోజువారీ నమోదు రాయడం ఇప్పుడు నా వంతు.

ఎర్నమ్మ చెప్పింది రాసుకున్నాను. ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నదని ఊళ్లో అనుకుంటారో కూడా రాయాలి. ఆమె తల్లి కొర్లమ్మ చాలా ఏళ్లు రంగుపాకకు పెద్ద. కిందటి జూలైలో పోయింది. పోయేముందు పాకను కూతురికి కాకుండా తన దగ్గర పనిచేసే తవిటమ్మకు అప్పజెప్పింది. అప్పటినుంచి ఎర్నమ్మ రంగుపాక గుమ్మం తొక్కలేదు. పిప్పి కూడా ఇంకొకరి చేత తెప్పించుకుంటోంది.

ఫిబ్రవరి 4

ఇవాళ పలకలకు రంగు ఎక్కించే వంతు మా వరసది. ఇళ్ల కప్పుల మీది గాజు పలకలను దించి, పాత రంగు కడిగితే తెల్లటి పూత బయటపడుతుంది. ఆ పూత రంగు తాగుతుంది. తొట్టెలో ముంచి తీసి, మూత బిగించి మళ్లీ కప్పెక్కిస్తాం. ఎండ తగిలితే ఆ రంగే కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో సముద్రపు నీళ్లను తాగే నీళ్లుగా మారుస్తాం. ఎండ కొన్నాళ్లకు రంగును తినేస్తుంది కాబట్టి ఈ పని నెలనెలా ఉండేదే.

పలక తొట్టెలోంచి తీసినప్పుడు చింతపండు పులుసు రంగులో ఉండాలి. ఇవాళ పలచని టీలా ఉంది. పక్కింటివాళ్లు రెండోసారి ముంచారు. తేడా రాలేదు.

ప్రస్తుతం తలకు రోజుకు పది లీటర్ల నీళ్లు వస్తున్నాయి. కిందటేడు ఇదే నెలలో పన్నెండు వచ్చేవి. ఇక్కడ పిల్లలకు కూడా తెలిసిన అంకె ఎనిమిది. వానాకాలానికి ముందు తీర మండలి తనిఖీ ఉంటుంది. ఆ రోజు నీళ్లు తలకు ఎనిమిది లీటర్లకు తగ్గితే ఊరు నివాసానికి పనికిరాదని రాసి, తెప్పలను ఒడ్డుకు లాక్కెళతారు. మనుషులను కొండవాలు కాలనీలకు పంపి, పలకలను మిగతా తేలే ఊళ్లకు పంచుతారు. ఇంతవరకు రెండు ఊళ్లను అలా లాక్కెళ్లారు. రెండూ తిరిగి రాలేదు.

ఈ ఏటి తనిఖీ మే 15న.

ఫిబ్రవరి 11

రంగుపాకకు వెళ్లాను. రెండు తలుపులు, మధ్యలో నల్ల తెర. లోపల చిన్న ఎర్రదీపం ఒక్కటే. ఈ రంగుకు వెలుతురు పడదు, వేడి పడదు, గాలి కూడా పడదు. అందుకే నాచును తెల్లారకముందే కోసి, తడి గోనెలు కప్పి తెస్తారు. సారాలో నానబెట్టి, మూత బిగించి, చల్లగా ఉంచుతారు. సారా రంగును లాక్కుంటుంది.

తవిటమ్మకు ముప్పైనాలుగేళ్లు. పొట్టి మనిషి. పీపాలోకి చూడాలంటే చెక్కపెట్టె బోర్లించి ఎక్కాలి. నేను వెళ్లేసరికి మూతల అంచులన్నీ వేలితో తడుముతోంది. సారా బలం రెండుసార్లు చూసిందట. తలుపు సందుల్లో ఎక్కడైనా వెలుతురు దూరుతోందేమోనని పట్టపగలు లోపల కూర్చుని వెతికిందట. ఏమీ దొరకలేదు.

నాకు తెలియడం కోసం ఒక నాచుముక్కను వేడినీళ్లలో వేసి చూపించింది. గోధుమరంగు చూస్తుండగానే పోయి ముక్క ఆకుపచ్చగా తేలింది. ఆకుపచ్చ మొదటినుంచీ లోపల ఉన్నదేనని, గోధుమరంగు దాన్ని కప్పి ఉంచుతుందని, వేడి తగలగానే పట్టు వదిలేస్తుందని చెప్పింది.

"పచ్చ అన్ని ఆకుల్లోనూ ఉంటాదప్పా. మనకి కావాల్సింది దాని మీద దుప్పటి. ఈ ఏడు దుప్పటి పలసనైపోనాది," అంది.

నీళ్లు ఎనిమిదికి దిగితే తనను ఎవరూ ఒక్క మాట అనరని, తన భయం కూడా అదేనని చెప్పింది. తిడితే తప్పు ఎక్కడుందో ఎవరో ఒకరు చెప్పినట్టవుతుంది. తిట్టకుండా ఊరుకుంటే సామాను సర్దుకోవడమే మిగులుతుంది.

ఫిబ్రవరి 20

షకీలా లెక్క చెప్పింది. షకీలా మా ఊరి ల్యాబు చూస్తుంది. నాచు మీద పరిశోధనకని విశాఖ నుంచి వచ్చిన మనిషి. ఊరంతా రంగు అనేదాన్ని ఆమె ఒక్కతే ఫ్యూకోజాంథిన్ అంటుంది. కిందటేడు ఇదే రోజుల్లో కోసిన నాచులో ఉన్నదాంట్లో ఈ ఏడు సగం కంటే కాస్త ఎక్కువ ఉంది, అంతే.

తెగులేమోనని చూసింది. లేదు. నీటి వేడి మారిందేమోనని చూసింది. మారలేదు. విత్తనం నాచు పాతదే. ఆమెకు అర్థం కానిది ఇంకొకటి ఉంది. నాచు కిందటేటి కంటే ఏపుగా పెరుగుతోంది. తీగ పొడుగు ఎక్కువ, బరువు ఎక్కువ.

"జబ్బు పడ్డదైతే మందు చెప్పేదాన్ని అక్కా. ఇది హాయిగా ఉంది. దీనికి మనతో పనే లేనట్టుంది," అంది.

ఒంటికి రాసుకునే నాచునూనె పంచడం ఇవాళ్టి నుంచి ఆపేశారు. అదీ ఈ రంగుతో చేసేదే. ఎండలో పనిచేసేవాళ్ల భుజాలు పొక్కకుండా కాపాడుతుంది. ఉన్న రంగంతా పలకలకే వాడాలని తీర్మానం. మునిగి నాచు కోసేవాళ్లు పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని దిగుతున్నారు.

నీళ్లు తలకు తొమ్మిదిన్నర లీటర్లు.

మార్చి 2

పోలేశు తవిటమ్మ మొగుడు. మునిగి నాచు కోసేవాళ్లలో మొదటివాడు. కోత మధ్యలో తెప్ప అంచున కూర్చుని ఉంటే పలకరించాను. ఈ ఏడు ఆరోగ్యం బాగుందని తనంతట తానే చెప్పుకొచ్చాడు. చుట్ట మానేసి ఏడాది కావస్తోంది, ఆ గుణం కనిపిస్తోందన్నాడు.

"దమ్ము మిగిలిపోతందప్పా. కిందటేడు పైకొచ్చీసరికి కళ్లు తేలేసీవోణ్ని. ఈ ఏడు కిందన నిలబడి పాట పాడమన్నా పాడతాను."

"నువ్వు పాడితే ఉన్న సేపలు కూడా ఎలిపోతాయి," అంది తవిటమ్మ, తల తిప్పకుండా గంప అందుకుంటూ.

అక్కడున్నవాళ్లు నవ్వారు. నేను మాత్రం మిగతావాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. మునిగేవాళ్లలో ఇద్దరు చుట్ట మానలేదు. పైకి రాగానే వెలిగించేవాళ్లు. వాళ్లకూ ఈ ఏడు దమ్ము మిగులుతోందట. అందులో ఒకాయన, వయసు మీదపడే కొద్దీ ఎవరికైనా ఊపిరి పెరుగుతుందా అని నన్నే అడిగాడు.

అందరికీ ఒకేసారి ఊపిరి పెరగదు. నాచు పైకి వచ్చి ఉండాలి. షకీలాకు చెప్పాను. ఆమె చేతిలో పని ఆపి, నాచు ఎందుకంత ఏపుగా ఉందో ఇప్పుడు తెలుస్తోందని అంది.

మార్చి 3

టేపు పట్టుకుని వెళ్లి కొలిచాం. నీటి మీద తేలే డబ్బాల నుంచి దింపుతాళ్లు కిందికి వేలాడతాయి. వాటి చివర్లకు అడ్డంగా కట్టిన తాళ్ల మీద నాచు పెరుగుతుంది. దింపుతాడు పదకొండు మీటర్ల పైచిలుకు ఉంది. కిందటేడు అదే చోట షకీలా కట్టిన వేడీ లోతూ కొలిచే పరికరం పద్నాలుగు మీటర్ల లోతు చూపించింది. అంటే నాచు రెండున్నర మీటర్లు పైకి వచ్చింది.

తాళ్లు కొలవడంలో ఎవరూ తప్పు చేయలేదు. ఎలా జరిగిందో రాస్తాను.

దింపుతాడు ఎనిమిది బారలు ఉండాలన్నది కొర్లమ్మ పెట్టిన లెక్క. రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఒక బార. ఊళ్లో మిగతావన్నీ టేపుతోనే కొలుస్తాం. దింపుతాడు ఒక్కటీ రంగుపాక పెద్ద బారతో కొలవాలి. ఏటా తుపానుల కాలం దాటాక, కొత్త తాళ్లు దించేముందు, పాక పెద్ద ఒక కొలతాడు మీద తన బార గుర్తులు పెడుతుంది. మిగతా తాళ్లన్నీ దాన్ని చూసి కోస్తారు.

పోయినవాళ్ల కొలత బతికున్నవాళ్లు వాడకూడదని ఒక ఆచారం. అందుకే కొర్లమ్మ కొలతాడును ఆమె అస్థికలతో పాటు సముద్రంలో వదిలేశారు. పోయినవాళ్ల మాటను ఏడాది తిరక్కుండా దాటకూడదని ఇంకొక ఆచారం. అందుకే ఎనిమిది అన్న మాటను అలాగే ఉంచారు. రెండూ ఆమె మీద గౌరవంతో చేసినవే. డిసెంబరులో తవిటమ్మ తన చేతులు చాపి ఎనిమిది కొలిచింది.

కొర్లమ్మ ఊళ్లోకెల్లా పొడుగు మనిషి.

నాచుకు ఈ రంగు ఎందుకంటే, లోతులో పడే నీలం వెలుతురును పట్టుకోవడానికని షకీలా చెప్పింది. వెలుతురు తక్కువైతే నాచు రంగు ఎక్కువ తయారుచేసుకుంటుంది. వెలుతురు ఎక్కువైతే రంగు తగ్గించుకుని ఒళ్లు పెంచుతుంది.

"సేపలు తక్కువున్న కాడ వల పెద్దది ఏస్తాం. అలగే గావాల," అన్నాడు పోలేశు. తానైతే ఇంత బాగా చెప్పలేనని షకీలా అంది. చుట్ట మానినందుకు వచ్చిన గొప్ప పోయిందని మాత్రం పోలేశు బాధపడ్డాడు.

తవిటమ్మ తాడును చుట్టచుట్టి, గోనె కప్పి, పాకలోకి వెళ్లింది.

మార్చి 5

సరంగు తెప్ప మీద కూర్చున్నాం. పడవ నడిపేవాణ్ని సరంగు అనేవారు. ఇక్కడ ఊరిపెద్దను అంటాం. ఇప్పటి సరంగు గరికిన నూకయ్య. తొందరపడే మనిషి కాదు. అందరూ చెప్పింది విన్నాడు.

టేపుతో పద్నాలుగు మీటర్లు కోయమని షకీలా అడిగింది. నూకయ్య టేపును చేతిలోకి తీసుకుని, చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"టేపు తప్పైతే ఎవుల్ని అడుగుతాం తల్లీ? తాడు కొలిసినోళ్లకి సేతులుండాల. రేపొద్దున నాచు పాడైతే ఆ సేతులు సూపించి మాటాడతాం."

పోలేశు ఎనిమిదిని పది చేయమన్నాడు. భార్య బారతో పది కొలిస్తే లోతు సరిపోతుంది. దానికి ఏడాది అడ్డం. కొర్లమ్మ సంవత్సరీకం జూలైలో ఉంది. అంతవరకు ఆమె ఎనిమిది ఎనిమిదే. తనిఖీ మేలో ఉందని ఎవరో గుర్తుచేశారు. తనకు తెలుసన్నాడు సరంగు. ఈ ఊరికి కింద నేల లేదని, దీన్ని కలిపి ఉంచేవి తాళ్లూ మాటలేనని, అవసరం వచ్చినప్పుడల్లా మాట విప్పుకుంటే రేపు తాళ్లు విప్పుకునేవాళ్లను ఆపలేనని చెప్పాడు. మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి నేను సిద్ధపడి వెళ్లాను. ఆయన చెప్పింది విని, అన్నది అన్నట్టు రాసుకున్నాను.

వెనక వరసలోంచి ఒకామె, ఎర్నమ్మ పాకను తీసుకుంటే ఏ గొడవా ఉండదని అంది. ఆమెకు తల్లి ఎత్తు వచ్చింది. ఆమె ఎనిమిది బారలు తల్లి ఎనిమిదికి సరిపోతాయి. అందరూ తవిటమ్మ వైపు చూశారు. ఎర్నమ్మ ఆ సభకు రాలేదు.

ల్యాబుకు సొంత తాడు ఒకటి ఉంది. అది ఊరి తాళ్ల లెక్కలోకి రాదు. దాన్ని పద్నాలుగు మీటర్లకు దించుకుంటానని షకీలా అడిగితే సరంగు కాదనలేదు. ఆ సాయంత్రమే ఆమె, పోలేశు వెళ్లి దించారు.

మార్చి 27

ల్యాబు తాడు మీది నాచును, ఊరి తాడు మీది నాచును సరంగు ముందు పక్కపక్కన పెట్టారు. ఒకటి కాల్చిన ఇటుక రంగు, ఒకటి ఎండుగడ్డి రంగు. షకీలా పరికరం తీయబోతే అక్కర్లేదన్నాడు. తరవాత ఆమె కొలిస్తే మొదటిదానిలో రంగు దాదాపు కిందటేటి అంత ఉంది.

తనకు నమ్మకం కుదిరిందని, అయినా జూలైని మే నెలకు ముందు తేవడం తన చేతిలో లేదని సరంగు చెప్పాడు. అది ఒక్కరి చేతిలోనే ఉంది. ఇంట్లో పెళ్లి కుదిరితే పోయినవాళ్ల ఏడాదిని ముందుకు లాక్కుని చేసేయడం ఉన్నదే. కానీ కడుపున పుట్టినవాళ్లు చేయాలి. కొర్లమ్మకు ఎర్నమ్మ ఒక్కతే.

అడగడానికి తాను వెళితే ఆజ్ఞాపించినట్టు ఉంటుందన్నాడు. తవిటమ్మ తాను వెళతానంది.

నీళ్లు తలకు ఎనిమిది లీటర్ల మీద కొద్దిగా. పలకలకు ఇంకోసారి పలచ రంగే ఎక్కించాం. వేరే లేదు.

మార్చి 29

తవిటమ్మ నన్ను తోడు రమ్మంది. కోళ్ల తెప్ప ఊరికి చివర ఉంటుంది, గాలికి వాసన ఇళ్ల మీదికి రాకుండా. ఎర్నమ్మ దాణా కలుపుతోంది. మమ్మల్ని చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

తవిటమ్మ చెప్పాలనుకున్నది దారి పొడుగునా కూడబలుక్కున్నట్టుంది. ఆగకుండా చెప్పేసింది. ఏడాది ముందుకు లాగమని అడగలేదు. పాకనే తీసుకోమంది.

"నీకు మీయమ్మ సేతులొచ్చినాయప్పా. నువ్వు సాపితే ఎనిమిది ఎనిమిదే అవుతాది. మాట తప్పక్కర్లేదు. పాక నీది. నాను నీ కింద పని సేస్తాను."

ఎర్నమ్మ తట్టను కింద పెట్టింది. కోళ్లు మూగాయి. వాటిని కాలితో పక్కకు తోసింది.

"అమ్మ నన్ను మూడుసార్లు అడిగినాది. మూడుసార్లూ నాకొద్దన్నాను. ఆ సీకట్లో, ఆ సారా కంపులో నాను కూకోలేను. అప్పుడు నిన్ను పిలిసినాది. ఈ సంగతి నీకు సెప్పలేదేటి?"

తవిటమ్మకు తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఎర్నమ్మ అసూయతో దూరంగా ఉంటోందని ఊరంతా అనుకుంది. జనవరి 29న నేనూ ఆ అర్థం వచ్చేలాగే రాశాను. ఆ రోజు ఆమె నాతో చెప్పింది నాచుపిప్పి గురించే. మిగతాది నేను ఊరి మాట పట్టుకుని కలిపింది.

మరి పాక గుమ్మం ఎందుకు తొక్కడం లేదని నేనే అడిగాను. ఆమె నాకు కాక తవిటమ్మకే జవాబు చెప్పింది.

"మాయమ్మ కొలతాడు నీటిలో వొదిలీసినారు. వొదలాల్సిందే, నాకు తెలుసు. వొదిలే ముందు ఒక్కపాలి పట్టుకుంటావేటని నన్నెవులూ అడగలేదు. సరంగు అడగలేదు. నువ్వూ అడగలేదు. ఆ తాడు నా ఒడిలో పెట్టుకుని నాను పెరిగినాను తవుటీ."

ఆ పొద్దు తాడును మోసుకెళ్లింది తవిటమ్మే. ఆమె ఎర్నమ్మ పక్కన కూలబడింది. క్షమించమని అనలేదు, ఇక్కడివాళ్లు ఆ మాట వాడరు. తట్ట దగ్గరికి లాక్కుని దాణా కలపడం మొదలుపెట్టింది. పిప్పిలో నూక ఎక్కువ పోస్తోందని ఎర్నమ్మ ఒకసారి విసుక్కుంది. తరవాత చాలాసేపు ఇద్దరూ కలుపుతూనే ఉన్నారు.

మేము లేవబోతుంటే ఎర్నమ్మ, ఏడాది పెట్టేస్తానని, సరంగును రోజు చూడమని చెప్పింది. ఒక్కటే అడిగింది. తల్లి మాటను దించాల్సి వస్తే ఆ మాట తానే అంటుంది. సరంగు కాదు, తవిటమ్మ కాదు.

ఏప్రిల్ 2

ఇవాళ కొర్లమ్మ ఏడాది చేశారు. అన్నం, ఎండుచేపల పులుసు, ఆమెకు ఇష్టమైన తాటిబెల్లం పెట్టారు. కాకులు ఇంత దూరం రావు కాబట్టి ఇక్కడ సముద్రపు పిట్టలకు పెడతారు. వెంటనే వచ్చి తిన్నాయి.

తరవాత అందరం తాళ్ల తెప్ప మీదికి వెళ్లాం. ఎర్నమ్మ అంచున నిలబడి నీళ్లవైపు తిరిగి, అమ్మ ఎనిమిది అయిపోయిందని చెప్పింది. గట్టిగా అనలేదు. వెనకవాళ్లకు వినిపించక, ఏమందని ఒకరినొకరు అడిగారు. ఆ మాట వెనక్కి చేరేదాకా ఆగి, కొత్త కొలతాడు ఒక కొసను తాను పట్టుకుంది. తవిటమ్మ చేతులు చాపింది. పది సార్లు చాపింది. పదో బార దగ్గర గుర్తు కట్టింది ఎర్నమ్మ.

చీకటి పడేలోగా సగం తాళ్లు దించారు. పోలేశు పైకి వచ్చి తెప్ప మీద వెల్లకిలా పడుకున్నాడు. చాలాసేపు లేవలేదు. దమ్ము మిగిలిందా అని అడిగినవాళ్లను చేత్తోనే పొమ్మన్నాడు.

ఏప్రిల్ 18

నీళ్లు తలకు ఏడున్నర లీటర్లు. ఊరు పుట్టాక ఇంత తక్కువ రాలేదు. స్నానం, బట్టలు అన్నీ ఉప్పునీళ్లతోనే. పసిపిల్లలున్న ఇళ్లకు మిగతావాళ్లు తలా ఒక చెంబు ఇస్తున్నారు. ఎవరూ చెప్పలేదు, ఒక వరసలో మొదలైంది, మిగతా వరసల్లోకి పాకింది. కొండవాలు కాలనీలో బంధువులున్న రెండు కుటుంబాలు పెట్టెలు సర్దుకున్నాయి. అడిగితే ఇల్లు శుభ్రం చేసుకుంటున్నామన్నాయి.

నాచు ముదురుతోంది. కోయడానికి ఇంకా చాలదని తవిటమ్మ అంటోంది. రోజూ తెల్లారకముందే వెళ్లి ఒక తీగ తెంపుకొచ్చి, వేడినీళ్లలో వేసి చూసుకుంటోంది. ముందే కోద్దామని సరంగు రెండుసార్లు కబురు పంపాడు. రెండుసార్లూ ఆగమంది. ఇప్పుడు కోస్తే పలకలన్నిటికీ సగం రంగే పడుతుంది, మళ్లీ నాచు పెరిగేసరికి తనిఖీ అయిపోతుంది. ఆమె లెక్క సరైనదే. అయినా ఊళ్లో నిద్ర తక్కువగా ఉంది.

మే 3

మొన్న కోశారు. తడి గోనెల కింద నాచు నల్లగా కనిపించింది. పాకలో రెండు రోజులు ఊరాక పీపా మూత తీస్తే, ఎర్రదీపం వెలుగులో రంగు ఎంతుందో తెలియలేదు. తవిటమ్మ ఒక పలకను ముంచి, తెర దాటించి బయటికి పంపింది. తాను రాలేదు, లోపలే ఉంది.

బయట ఎర్నమ్మ అందుకుంది. పలకను ఎండకు ఎత్తి చూసి, తెరలోకి తల పెట్టి, పులుసు చిక్కగా కుదిరిందని చెప్పింది. ఆ గుమ్మం దగ్గరికి ఆమె రావడం జూలై తరవాత ఇదే మొదలు.

మే 15

తీర మండలి నుంచి ఒక అధికారిణి వచ్చింది. తన డబ్బాలు తానే తెచ్చుకుంది. నీటి మర దగ్గర పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చుని తానే కొలిచింది. భోజనానికి రమ్మంటే అక్కడికే తెప్పించుకుంది. నాకు అలాంటి అధికారులంటే గౌరవం.

మూడొంతుల పలకలకు కొత్త రంగు పడింది. మిగతావాటికి ఇంకా పడలేదు. తలకు తొమ్మిది లీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. రాసుకుంది. మధ్యలో ఏడున్నరకు ఎందుకు దిగిందని అడిగింది. సరంగు జవాబు వెతుక్కుంటుంటే, ఇప్పుడు పెరుగుతోంది కాబట్టి కారణం తరవాత నమోదులో రాసి పంపమని చెప్పి, పడవెక్కింది.

మండలికి పంపే నమోదు ప్రతులు మిగతా తేలే ఊళ్లకూ వెళతాయి.

మే 16

పొద్దున్నే సరంగు నా దగ్గరికి వచ్చాడు. కారణం నాచుకు తెగులని రాయమన్నాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. పోయిన కొర్లమ్మకు గానీ ఉన్న తవిటమ్మకు గానీ పదిమందిలో మాట రాకూడదన్నదే. తెగులు ఎవరి తప్పూ కాదు. నేను జరగనిది రాయనని ఆయనకు తెలుసు. అందుకే, ఇందులో తవిటమ్మ పరువు కూడా ఉందని, ఆమెను అడిగి రాయమని అన్నాడు.

రంగుపాకకు వెళ్లాను. ఆమె పెట్టె మీద నిలబడి పీపా కలుపుతోంది. సరంగు మాట చెప్పాను. కలపడం ఆపకుండానే విన్నది.

"తెగులని రాస్తే రేపు ఇంకో పేటోళ్లు మందు ఎతుక్కుంటారు," అంది. "నాను పొట్టిదాన్నని రాయప్పా. నా సేతులకి ఎనిమిది సాలదని రాయి. నా ఎనక వొచ్చినది ముందు సేతులు సాపి సూసుకుంటాది."

అలాగే రాశాను.